ఎనభై ఏడు నాటి జొన్న చేను

కెమెరాతో పాటు వచ్చిన బుక్కు చదివిన ఫోటోగ్రాఫరును నేను ఇంతవరకు చూడలేదు. పెట్టె విప్పగానే బుక్కును పక్కన పడేస్తారు. థర్మోకోల్ ముక్కలను మాత్రం మళ్లీ పనికొస్తాయని అటక మీద భద్రంగా దాస్తారు. పని రానివాడే బుక్కు చూస్తాడని మా లైనులో గట్టి నమ్మకం. ఎవడైనా పేజీ తిప్పుతూ దొరికిపోయాడా, ఇక వాడి పెళ్లి ఆర్డర్లు గోవిందా. నేను ఆడదాన్నయినా ఈ మహానుభావుల దగ్గరే పని నేర్చుకున్నాను కాబట్టి ఆ రోగం నాకూ బాగానే అంటింది. ఇప్పుడు వాళ్లను వెక్కిరిస్తున్నానంటే, అందులో సగం నాకు నేను పెట్టుకునే చీవాట్లే అనుకోండి.

భద్రాచలం రోడ్డు మీద, బస్సులు టీ కోసం ఆగే చోట, రెండు దుకాణపు మడిగెల మధ్య ఇరుకులో నా స్టూడియో ఉండేది. ఒక స్టూలు, రెండు గొడుగు లైట్లు, గోడకు జలపాతం బొమ్మ ఉన్న తెర. బయట అడుగు పెడితే కనుచూపు మేర అడవే, కానీ అడవిలోంచి వచ్చినవాళ్లు కూడా ఆ బొమ్మ జలపాతం ముందు నిలబడే ఫోటో దిగేవారు. అసలు చెట్టు ముందు తీస్తానంటే మొహం ముడుచుకునేవారు.

నాకు పని నేర్పిన మాస్టారుది సత్తుపల్లి. వాళ్ల నాన్నగారి కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆయన దగ్గర ఒక విదేశీ కంపెనీ ఫిల్ము కెమెరా ఉండేది. దానికి మూడు లెన్సులు, ఒక ఫ్లాష్, ఇంకా ఫోటో మూలన ఎర్ర అంకెల్లో తేదీ ముద్రించే వెనక తలుపు ఒకటి. అన్నిటినీ కలిపి ఆయన ‘సిస్టమ్’ అనేవారు. ఆ మాట అనేటప్పుడు గొంతు కాస్త తగ్గించేవారు. ఒక్కో వస్తువుకు ఒక్కో బుక్కు వచ్చిందట. దసరాకు ఆయుధ పూజ చేసేటప్పుడు కెమెరాకు బొట్టు పెడితే కుంకుమ అద్దంలోకి పోతుందని, దాని బదులు ఆ బుక్కులను వరుసగా పేర్చి వాటికి పసుపూ కుంకుమా పెట్టేవారు. నిమ్మకాయ మాత్రం కెమెరా ముందు. హారతి అయ్యాక బుక్కులు మళ్లీ ట్రంకు పెట్టెలోకి వెళ్లిపోయేవి. మేం పని నేర్చుకునేవాళ్లం వాటిని దూరం నుంచి చూసి దండం పెట్టుకోవాలి. అంతకు మించి వాటి దగ్గరికి వెళ్లే అర్హత మాకు లేదు.

డిజిటల్ కెమెరాలు వచ్చి పడ్డాక మాస్టారు ఆ సిస్టమ్ మొత్తం నాకు అమ్మేశారు. సంచీలో సర్దుకుంటూ, ‘బుక్కులేవి మాస్టారూ?’ అని అడిగాను.

‘బుక్కులతో నీకేం పనమ్మా? నా దగ్గర నాలుగేళ్లు చేశావు. నేనే నీ బుక్కుని,’ అన్నారు.

ఆ మాటకు నేను మురిసిపోయి ఆయన కాళ్లకు దండం పెట్టాను. చూడండి నా తెలివి.

రెండు వేల పది ఇంకా రాలేదు. పోడు భూములకు పట్టాలిచ్చే చట్టం వచ్చి, అడవి పల్లెల్లో అర్జీలు రాయించుకుంటున్న రోజులు. ఆ అర్జీలు తీసుకునే మా వైపు ఆఫీసులో ఒక గుమాస్తా ఉండేవాడు. అర్జీతో పాటు అర్జీదారు తన పంట చేలో నిలబడి దిగిన ఫోటో కావాలన్నాడు. దాని మీద తేదీ అచ్చు పడి ఉండాలి. డిజిటల్ పనికిరాదు, కంప్యూటర్లో మారుస్తారు. రీలు ఫోటోనే కావాలి, అడిగితే నెగటివ్ చూపించాలి. ఇదంతా ఏ కాగితంలో రాసి ఉందని అడిగితే తన నుదురు చూపించాడు. అక్కడ రాసి ఉందన్నమాట.

జిల్లాలో ఇంకా రీలు కెమెరా పట్టుకుని వేలాడుతున్న కొద్దిమందిలో నేనొకదాన్ని. పైగా తేదీ తలుపు ఉంది. అడవి అంచున ఉన్న ఒక కోయగూడెం పెద్దమనిషి మా స్టూడియోకు వచ్చి, ‘అమ్మా, మా ఊరోళ్లందరికి ఫోటోలు గుంజాలె, తారీఖు పడాలె,’ అన్నప్పుడు నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను. ఊళ్లో డిజిటల్ కొన్న స్టూడియోవాడి మొహం చూడాలనిపించింది. కావాలనే వాడి మడిగె ముందు నుంచి సంచీ భుజానేసుకుని వెళ్లాను.

బయలుదేరే ముందు తేదీ తలుపులో అంకెలు వెలిసిపోయినట్టు కనబడితే కొత్త బ్యాటరీ వేశాను. దసరా దాటి పది రోజులైందేమో. గూడెం చేరి, చేను గట్టున నిలబడి కెమెరా తీస్తే తలుపు మీద ‘87 1 1’ అని ఉంది. ఒక బొత్తాం నొక్కాను, గంటలూ నిమిషాలూ వచ్చాయి. ఇంకోటి నొక్కాను, అంతా మాయమైంది. మూడోసారి నొక్కితే మళ్లీ ఎనభై ఏడు. చుట్టూ ఊరంతా నా చేతులకేసే చూస్తోంది. అప్పుడు నేను నోరు విప్పి ‘ఇది నాకు రాదు’ అని ఉంటే కథ అక్కడే అయిపోయేది. ‘అంతా సెట్ అయింది, వరుసగా రండి’ అన్నాను.

చివరగా ఒక ముసలామె వచ్చింది. ఒంటరి మనిషి. రెండెకరాల పోడు తప్ప ఆధారం లేదు. జొన్న ఆమె నెత్తికి జానెడు పైకి పెరిగి, కంకులు పాలు పోసుకుని ఉన్నాయి. చేలోకి నడిచి, కర్రలను రెండు చేతులతో పక్కకు జరిపి, మొహం కనబడేట్టు నిలబడింది.

‘నవ్వాల్నా బిడ్డా?’

‘వద్దవ్వా. ఆఫీసుకు పోయే ఫోటో.’

‘మరి ఏడ్వాల్నా?’

నాకు నవ్వాగలేదు. ఆమె మాత్రం నవ్వలేదు. క్లిక్‌మన్నాక దగ్గరికి వచ్చి, మిగతావాళ్లకూ తనకూ తేడా ఏమిటో చెప్పింది. ఆ ఊళ్లో దాదాపు అందరి దగ్గరా పాత జరిమానా రసీదులున్నాయి. అడవి కొట్టినందుకు అప్పట్లో వేసిన జరిమానా ఇప్పుడు, ఫలానా కాలం నుంచీ సాగు చేస్తున్నారని రుజువైపోయింది. తప్పు చేసి పట్టుబడ్డవాళ్లంతా ఒడ్డున పడ్డారు. ఫోటో లేకపోయినా వాళ్ల అర్జీ నడుస్తుంది.

‘నాకు రసీదు లేదు బిడ్డా. ఫారెస్టు గార్డు వచ్చినప్పుడల్ల ఒక కోడిని ఇచ్చి పంపిన. కోడికి రసీదు ఎవరిస్తరు? నాకు గీ ఫోటోనే దిక్కు.’

‘నేనున్నా కదవ్వా,’ అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాలుక కొరుక్కుంటాను.

ఖమ్మం కలర్ ల్యాబు నుంచి ప్రింట్లు వచ్చాయి. ప్రతి ఫోటో మూలనా నిప్పు కణికల్లాంటి అంకెల్లో ఎనభై ఏడు. ఎవరు చూస్తారులే అనుకుని గూడేనికి పంపేశాను. కానీ గుమాస్తా చూశాడు. ఆయన చూసేది అదొక్కటే. ముసలామెనూ నన్నూ పిలిపించి ఫోటో బల్ల మీద పెట్టాడు.

‘ఏందమ్మా ఇది? ఎనభై ఏడుల దిగిందా ఈ ఫోటో?’

‘ఆమె అప్పటినుంచే సాగు చేస్తుంది సార్,’ అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

‘అవ్, చేస్తుండొచ్చు. మరి ఎనుక గుట్ట మీద సెల్ టవర్ ఎట్ల వచ్చింది? ఎనభై ఏడుల మా పెద్దసార్ ఇంట్ల మామూలు ఫోనే లేదు.’

ఆఫీసంతా విరగబడి నవ్వింది. నవ్వు రానిది మా ఇద్దరికే. తేదీ సరిగా పడ్డ ఫోటో తెస్తేనే ఫైలు సర్వేకు పోతుందని, వచ్చే గ్రామసభలోపు తెమ్మని చెప్పి మా ఫోటో మా మొహాన కొట్టాడు. బయటికొచ్చాక ముసలామె ఏమైందని అడిగింది. ‘కంపెనీ వాళ్ల తప్పవ్వా, కెమెరాలో ఏదో లోపం. జల్దీ సరి చేయిస్తా,’ అన్నాను. ఆమె నా మొహంలోకి కాసేపు చూసి, సరే బిడ్డా అంది.

అలా మొదలైంది బుక్కు వేట. ఎవరినైనా నేరుగా అడిగేద్దామంటే, మా ఊరి స్టూడియోవాళ్లకు తెలిస్తే నన్ను బతకనివ్వరు. నాలుగేళ్లు నేర్చుకుని తేదీ మార్చడం రాదట అని టీ కొట్టు దగ్గర ఏడాది పాటు చెప్పుకుంటారు. అందుకని పరాయి ఊళ్లలో వెతకడం మొదలుపెట్టాను.

ముందు మాస్టారుకే ఫోన్ చేశాను. తేదీ సంగతి అడిగితే, ‘ఆ తేదీతో పనేంటమ్మా, ఫోటో అందం చెడగొట్టడానికి కాకపోతే?’ అన్నారు. బుక్కు అడిగితే అటక మీద ఉందన్నారు. వారం తరువాత చేస్తే అటక మీద లేదు, ట్రంకులో ఉందన్నారు. ఇంకో వారానికి ట్రంకు తాళంచెవి దొరకడం లేదన్నారు. ఆయన పిసినారితనానికి ఒళ్లు మండిపోయింది. కెమెరా అమ్మి, దాని బుద్ధిని దగ్గర పెట్టుకున్న మనిషి అని అందరికీ చెప్పాను.

ఖమ్మంలో ఒక రిపేరు ఆయన ఉన్నాడు. రేడియో, కుట్టు మిషను, కెమెరా, గ్రైండరు, ఏదిచ్చినా ముందు ఊది చూస్తాడు. మా తేదీ తలుపునూ ఊదాడు. బుక్కుందా అంటే నవ్వాడు.

‘బుక్కు జపాన్ల ఉంటది మేడమ్. మన కాడ చెయ్యి ఉంటది.’

ఆ చేతిలో వారం రోజులు పెట్టి తిరిగి తెచ్చుకుంటే, ఇదివరకు ‘87 1 1’ అని ఉన్నది ఇప్పుడు ‘1 1 87’ అయింది.

‘సంవత్సరం ముందుండె, ఇప్పుడు ఎనక్కి పోయింది. కదుల్తుంది గద మేడమ్! ఇంకో రెండు సార్లు తెస్తే మనం అనుకున్న కాడికి వస్తది,’ అన్నాడు. వాడి ఆశ చూసి నాకు కళ్లు తిరిగాయి.

భద్రాచలంలో గోదావరి కరకట్ట వైపు వీధిలో ఒక నెట్ సెంటరు ఉండేది. అక్కడ కుర్చీ పట్టుకుని కూర్చుంటే, ఒక పేజీ పైనుంచి కిందికి దిగేసరికి ఒక బస్సు వచ్చి, జనం దిగి, టిఫిన్ చేసి, మళ్లీ ఎక్కేవారు. రెండు రోజులు కూర్చుని కెమెరా బుక్కు పట్టాను. ప్రింటు తీయిస్తే దస్తావేజుల కట్టంత వచ్చింది. ఆ రాత్రి భోజనం మానేసి చదివాను. కెమెరాను నీళ్లలో ముంచకూడదట. బ్యాటరీని మింగకూడదట. సూర్యుడికేసి చూడకూడదట. ఇన్ని సుద్దులు చెప్పినవాడు, తేదీ దగ్గరికి వచ్చేసరికి ఒక్క ముక్కలో తేల్చేశాడు. తేదీ తలుపు గురించి దానితో వచ్చిన వేరే పుస్తకంలో చూసుకోవాలట. కాగితాల కట్ట గోడకేసి కొట్టాను.

మరుసటి రోజు ఆ వేరే పుస్తకం కోసం మళ్లీ కూర్చున్నాను. అది ఒక్క చోట దొరికింది, జర్మన్ భాషలో. బొమ్మలున్నాయి కదా అని అది కూడా ప్రింటు తీయించాను. ప్రింటరులో సిరా అయిపోవచ్చి, బొమ్మలన్నీ నల్ల మరకలుగా వచ్చాయి. ఏ బొత్తామో, ఏ వేలో తెలియలేదు. నెట్ సెంటరాయన మాత్రం కాగితాలకు చక్కగా స్పైరల్ బైండింగ్ చేసిచ్చాడు.

ఆల్బమ్‌లు కొనడానికి హైదరాబాదు వెళ్లినప్పుడు ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలు తవ్వాను. నా అదృష్టం చూడండి, సరిగ్గా మా సిస్టమ్ గురించే రాసిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం దొరికింది. బస్సులో గుండెకు హత్తుకుని వచ్చాను. ఎవరో పెద్దమనిషి ప్రతి లెన్సు పుట్టుపూర్వోత్తరాలూ రాశాడు. అద్దంలో గాజు ఏ రకమో, దాన్ని ఎలా సానబట్టారో, ఏ మంచుకొండ మీద తను ఎలాంటి బాతును ఫోటో తీశాడో, అన్నీ ఉన్నాయి. తేదీ తలుపుకు ఒకే ఒక్క వాక్యం. నిజమైన ఫోటోగ్రాఫరుకు దానితో పని పడదట! మా మాస్టారు ఇంగ్లీషులో పుట్టి ఉంటే ఈయనే అయ్యుండేవాడు. ఈయన బాతులకు పోడు పట్టా అక్కర్లేదు మరి.

కంపెనీకి ఉత్తరం రాస్తే, నా అభిమానానికి కృతజ్ఞతలు చెప్పి, ఆ మోడల్ ఆపేశామని, కొత్తవి చూడమని రంగు రంగుల కేటలాగు పంపారు. దాన్ని స్టూడియోలో మేకుకు తగిలించాను. వచ్చినవాళ్లు తిరగేసి బాగుందనేవారు.

ఈ తిరుగుడులో ఎన్ని వారాలు పోయాయో నాకు లెక్క లేదు. మధ్యలో పెళ్లిళ్లు వచ్చాయి, వాటికి పోయాను. ముసలామె రెండు సార్లు స్టూడియోకు వచ్చింది. ఫోటో ఏమైందని అడగలేదు. గడప దగ్గర కూర్చుని, మంచినీళ్లు తాగి, ‘మంచిగున్నవా బిడ్డా’ అని వెళ్లిపోయింది. అడిగి తిట్టినా బాగుండేది.

చివరికి గ్రామసభ దగ్గర పడుతుంటే నాకు తిక్క పుట్టింది. తెల్లవారుజామున బస్సెక్కి సత్తుపల్లిలో దిగి నేరుగా మాస్టారింటికి వెళ్లాను. ఆయన వాకిట్లో పేపరు పట్టుకుని కూర్చున్నారు. నన్ను చూడగానే లేచారు.

‘ఏమ్మా, చెప్పా పెట్టకుండా వచ్చావు?’

‘బుక్కు కావాలి మాస్టారూ. ఇవాళ తీసుకునే వెళ్తా.’

‘దసరా పూజ అయ్యాక ఆ పెట్టె మళ్లీ దసరా దాకా తియ్యకూడదమ్మా.’

‘ఒక ముసలామె భూమి పోతుంది మాస్టారూ! మీ కుంకుమ బొట్లు తరువాత చూసుకుందాం, ముందు బుక్కు తియ్యండి!’ అని అరిచాను. గురువు మీద గొంతెత్తడం అదే మొదటిసారి.

నా అరుపుకు ఆయన భార్య లోపలినుంచి వచ్చారు. ఆమె నేరుగా దేవుడి గదిలోకి వెళ్లి ట్రంకు పెట్టె ఈడ్చుకొచ్చారు. తాళమే వేసి లేదు. బుక్కులు వరుసగా ఉన్నాయి, ఒక్కోటీ ప్లాస్టిక్ కవరులో. కవర్ల మీద ఏటేటి కుంకుమా పొరలు పొరలుగా గట్టిపడి పెచ్చు కట్టింది. గోటితో గీకి చూస్తే, కింద కంపెనీ వాళ్లు వేసిన టేపు చెక్కు చెదరలేదు. ఒక్క బుక్కూ విప్పి లేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా విప్పి లేదు.

నేను నోరెళ్లబెట్టి ఆయనకేసి చూశాను. ఆయన నేలకేసి చూస్తున్నారు.

‘నాకు ఇంగ్లీషు రాదమ్మా,’ అన్నారు. ‘తెలుగే కూడబలుక్కుని చదువుతాను. ఈ పేపరు కూడా బొమ్మల కోసమే. నువ్వు ఇంటరు చదివి నా దగ్గర చేరావు. ఈ బుక్కులు నీ చేతిలో పెడితే, నాకు ఇరవై ఏళ్లకు పట్టుబడింది నీకు నాలుగు రోజుల్లో వచ్చేస్తుందనుకున్నాను. ఇక నన్నెవరు మాస్టారంటారు?’

ఎన్ని తిట్లు కూడబెట్టుకుని వెళ్లానో! బస్సులో దారి పొడవునా వరుస క్రమంలో పెట్టుకున్నాను. ఒక్కటీ నోట్లోంచి రాలేదు. జాలేసింది. జాలి వెనకాలే కోపమూ వచ్చింది. రాదని ఒక్క మాట చెప్పి ఉంటే, ఇద్దరం కలిసి విప్పి చదువుకునేవాళ్లం కదా. ఈ మనిషి నన్ను ఊళ్లు తిప్పిందంతా ఈ ఒక్క మాట నోట రాక.

టేపు కోశాను. తేదీ తలుపు బుక్కు అరచేయంత ఉంది, మడతలు విప్పితే బస్సు టైముల కాగితమంత. రెండో మడతలో బొమ్మ. ఒక బొత్తాం రెండు సెకన్లు నొక్కి పట్టుకుంటే అంకె మిణుకుమంటుంది. పక్క బొత్తాంతో దాన్ని మార్చాలి. నేను ఆ రోజు చేలో అదే బొత్తాం నొక్కాను. నొక్కి వెంటనే వదిలేశాను. వాళ్ల అరుగు మీద కూర్చుని తేదీ మార్చడానికి అర నిమిషం కూడా పట్టలేదు. మాస్టారు నా భుజం మీదుగా వంగి చూశారు.

‘అంతేనా?’

‘అంతే మాస్టారూ.’

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆయన భార్య నాకు ఇడ్లీలు పెట్టారు. బుక్కులన్నీ సంచీలో వేసి పంపారు.

మర్నాడు పొద్దున్నే ఆటో కిరాయికి మాట్లాడుకుని గూడేనికి వెళ్లాను. ముసలామె ఇంటి ముందు చాటలో జొన్నలు చెరుగుతోంది. కెమెరా చూపించి, అవ్వా సరైపోయింది, పద చేలోకి, అన్నాను. ఆమె చాట పక్కన పెట్టి, కొంగు దులుపుకుని నా ముందు నడిచింది. గట్టెక్కి చూశాను. చేను లేదు. మోకాలి కింద దాకా కోసేసిన మొదళ్లు, మధ్యలో ఒట్టి నేల. చొప్ప కట్టలు కట్టి ఒక మూల నిలబెట్టి ఉంది.

‘పంటేదవ్వా?’

‘కోసిన బిడ్డా. పది రోజులాయె. పిట్టలు ఊకుంటయా?’

చాటలో జొన్నలు చూసినప్పుడన్నా నాకు తట్టాలి. తట్టలేదు. రెండు నెలలు బొత్తాల గురించే ఆలోచించిన బుర్ర అది. జొన్న కోతకొస్తుందన్న సంగతి ఏ బుక్కులోనూ లేదు మరి. ఆమె ఆ మొదళ్ల మధ్య నిలబడింది. ఈసారి నవ్వాలా ఏడవాలా అని అడగలేదు. ఫోటో తీశాను. తేదీ మాత్రం ముచ్చటగా, రోజుతో సహా, అచ్చు తప్పు లేకుండా పడింది.

గుమాస్తా రెండు ఫోటోలనూ పక్కపక్కన పెట్టుకున్నాడు. ఒకసారి అటూ ఒకసారి ఇటూ చూశాడు. నవ్వలేదు. నవ్వి ఉంటే నాలుగు దులిపేసేదాన్ని.

‘పంటున్న ఫోటోల తారీఖు తప్పు. తారీఖు సక్కగున్న ఫోటోల పంట లేదు. నేనేం రాయాలమ్మా?’

‘అది అదే చేను సార్. టవరు చూడండి, రెండిట్లోనూ ఉంది.’

‘టవర్‌కు పట్టా ఇయ్యమంటవా?’

సాగు రుజువు లేదని రాశాడు. గూడెంలో రసీదులున్నవాళ్ల ఫైళ్లన్నీ సర్వేకు వెళ్లాయి. ఆమెది వెళ్లలేదు. పైవాళ్లకు అర్జీ పెట్టుకోవచ్చని చెప్పాడు. పెట్టాం, నేనే రాశాను. దానికి ఇప్పటికీ జవాబు లేదు.

ఆ రోజు ఆఫీసు మెట్ల మీద కూర్చుని నేను తిట్టని మనిషి లేడు. గుమాస్తాను తిట్టాను, కంపెనీని తిట్టాను, ఖమ్మం రిపేరు ఆయనను, బాతుల దొరను, ఆఖరికి మాస్టారును కూడా వదల్లేదు. ఆయన బుక్కు ముందే ఇచ్చి ఉంటే ఈపాటికి నీకు పట్టా వచ్చేదవ్వా అన్నాను. ఆమె పక్కన కూర్చుని అంతా విన్నది. నేను ఆయాసపడి ఆగాక నెమ్మదిగా చెప్పింది.

‘మా ఊరి బడిసారు కాడ చిన్న కెమెరా ఉన్నది బిడ్డా. గది కూడ రీలుదే. దాంట్ల తారీఖు సక్కగ పడ్తది. మొన్న పంద్రాగస్టు నాడు పిల్లల్ని తీసిండు, చూసిన.’

‘మరి చెప్పలేదేందవ్వా! పంటున్నప్పుడు ఆయనతో ఒక్క ఫోటో తీయించుకుంటే అయిపోయేది కదా!’

‘తీస్తనని ఆయనే అన్నడు. నేనే వద్దన్న.’

‘ఎందుకు?’

‘కంపెనీ తప్పు అని చెప్పినవు గద, ఆ దినమే ఎరికయింది, నీకు గది రాదని. పాపం ఎవరితోని చెప్పుకోలేక తిప్పలు పడ్తున్నవు. నేను పోయి ఇంకొకలతోని తీపిచ్చుకుంటే, ఊళ్లె నీ ఇజ్జత్ పోతది గద బిడ్డా,’ అని, కొంగు సర్దుకుని మెట్లు దిగింది.